రెండు వైపులా కనబడే తెర

"మీ యాప్ పనికిరాదండీ."

ఆసుపత్రి మీటింగ్ హాల్లో రెండో వరుసలోంచి వచ్చిందా మాట. గొంతు పెద్దదేమీ కాదు. అందులో కోపం కూడా లేదు. ఫ్యాను తిరగడం లేదని చెప్పినట్టుగా చెప్పిందంతే.

బల్ల పక్కన నిలబడ్డ కుర్రవాడు మైకు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. స్నేహితులు అతన్ని బీటా అంటారు. ఏది తయారు చేసి చూపించినా "ఇది బీటా వెర్షనే, ఇంకా పని ఉంది" అంటాడని కాలేజీలో పెట్టిన పేరు. ఈసారి మాత్రం పని పూర్తయిందనుకునే వచ్చాడు. మనుషులు మాట్లాడుతుంటే ఫోను విని, ఆ మాటల్ని అప్పటికప్పుడు తెలుగు అక్షరాల్లో చూపించే యాప్ అది. వినికిడి తక్కువగా ఉన్నవాళ్ళ కోసం చేశాడు. అంతసేపు మాట్లాడినా ఒక్క తప్పు దొర్లలేదు. ముందు వరుసలోని డాక్టర్లు చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్లు ఆగీ ఆగకముందే ఈ అమ్మాయి.

"ఎందుకు పనికిరాదండీ?" అన్నాడు, నవ్వుని మొహం మీద బలవంతంగా నిలబెట్టి.

"మైకు దించి మాట్లాడండి. మీ పెదాలు కనబడట్లేదు."

అప్పుడు చూశాడు, ఆమె చెవి వెనక చిన్న మిషను. మైకు దించాడు.

"ఇక్కడ ఒక్కరే మాట్లాడుతున్నారు. తలుపులు వేసేశారు. ఫోను మీ నోటి ముందే ఉంది," అందామె. "ఇలాంటి చోటయితే నేనే అర్థం చేసుకుంటాను. నాకు అవసరం లేని చోట పనిచేసే యాప్‌ని నేనేం చేసుకోను?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బీటా చెవులు వేడెక్కాయి.

"అయితే అవసరమైన చోటేదో మీరే చూపించండి."

"మందుల కౌంటరు. మూడోది. రేపు పొద్దున రండి, జనం ఉన్నప్పుడు."

"తప్పకుండా వస్తాను," అన్నాడు. పౌరుషం తప్ప మరో కారణం లేదు ఆ మాటలో. కనీసం అప్పటికి లేదు.

*

ఆమె ఫార్మసిస్టు. డిపార్టుమెంటులో అందరికంటే చిన్నదని అక్కడ చిన్ని అంటారు. పసితనంలో వచ్చిన జ్వరం ఒక చెవిని పూర్తిగా, రెండో చెవిని సగానికి పైగా తీసుకుపోయింది. మిగిలిన సగంతోనూ, ఎదుటివాళ్ళ పెదాలు చదవడంతోనూ చదువు పూర్తి చేసి ఉద్యోగం తెచ్చుకుంది. అంతా బాగానే నడుస్తుండగా, కౌంటరు దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరూ మాస్కు పెట్టుకోవాలని ఆసుపత్రి కొత్త నియమం పెట్టింది. ఒక్కసారిగా లోకంలోని పెదాలన్నీ మాయమైపోయాయి.

మర్నాడు బీటా మూడో కౌంటరు లోపల, ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా అద్దం, అద్దానికి చిన్న కంత. పైన టోకెన్ నంబర్లు అరిచే స్పీకరు. వెనక మందుల పెట్టెలు దించుతున్న చప్పుడు. అవతల ఒకరి భుజం మీదుగా ఒకరు చేతులు చాస్తున్న జనం. ఫోనుని అద్దానికి ఆనించి పెట్టాడు.

"అమ్మా, ఈ మాత్ర భోజనానికి ముందా, తర్వాతా?" అన్నాడు మాస్కులోంచి ఒకాయన.

'అమ్మా, ఈ యాత్ర భోజనానికి మందా, తరాలా,' అని రాసింది ఫోను.

తర్వాత వచ్చినావిడ హడావుడిగా ఉంది. "చెల్లెలి పెళ్ళికి వెళ్ళాలండీ, ఈలోగా దగ్గు తగ్గాలి."

'చెల్లెలి పిల్లికి వెళ్ళాలండీ, ఈలోగా డబ్బు తగ్గాలి.'

చిన్ని ఆ అక్షరాలు చూసి నవ్వేసింది. నవ్వితే ఆమె ఎడమ కనుబొమ ఒక్కటే పైకి లేస్తుందని బీటాకి అప్పుడే తెలిసింది. తన యాప్ పరువు పోయిందన్న సంగతి కాసేపు మర్చిపోయాడు.

కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఒక ముసలాయన వచ్చి తన పాత మందు పేరు చెప్పాడు. ఫోను మరో మందు పేరు రాసింది. స్పెల్లింగుతో సహా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా, పూర్తి నమ్మకంతో. చిన్ని డాక్టరు చీటీ అడిగి తీసుకుంది. తెర మీది పేరూ చీటీలోని పేరూ పక్కపక్కన పెట్టి చూసింది. మందిచ్చి ఆయన్ని పంపేశాక ఫోను బీటా వైపు తిప్పింది.

"ఇది చూశారా? ఆయన అడిగింది బీపీ మందు. ఇది రాసింది షుగరు మందు. పిల్లి అని రాస్తే నవ్వుకుంటాం. ఇలా రాస్తే మనిషి పడిపోతాడు."

బీటా తెర మీది పేరు రెండోసారి చదివాడు.

"నాకు వినపడకపోతే వినపడలేదంటాను. మళ్ళీ అడుగుతాను. అందుకు సిగ్గుపడను," అందామె. "మీ యాప్‌కి ఆ అలవాటు లేదు. తెలియకపోయినా తెలిసినట్టు రాసేస్తుంది."

"నేర్పిస్తాను."

"ఏం నేర్పిస్తారు?"

"తెలియనప్పుడు తెలియదని చెప్పడం."

ఆమె అతన్ని ఒక క్షణం పరీక్షగా చూసింది. మాటల మనిషా, పని చేసే మనిషా అని తూకం వేస్తున్నట్టుంది ఆ చూపు.

"నేర్పండి, చూద్దాం," అని తర్వాతి టోకెన్ వైపు తిరిగింది.

*

బీటా ఆఫీసంటే ఒక మేడ మీది గది. రెండు బల్లలు, ఒక కిటికీ, ఒక స్నేహితుడు. ఆ స్నేహితుణ్ణి సర్వర్ అంటారు. అవసరమైనప్పుడల్లా డౌన్ అయిపోతాడని.

"ఒక్క అమ్మాయి బాగాలేదందని మొత్తం తిరగరాస్తావా?" అన్నాడు సర్వర్ కుర్చీలో వెనక్కి వాలి. "అందరూ చప్పట్లు కొట్టారు కదరా."

"చప్పట్లు కొట్టినవాళ్ళెవరికీ అది అవసరం లేదురా. అవసరమైన మనిషి బాగాలేదంది."

తిరగరాయడం మొదలుపెట్టాడు. యాప్‌కి నమ్మకంగా వినపడిన మాట నల్లగా రావాలి. అనుమానంగా వినపడితే లేత బూడిద రంగులో రావాలి. బొత్తిగా వినపడకపోతే అక్కడ ఖాళీ వదిలెయ్యాలి, ఊహించి నింపకూడదు. మందు పేరులాంటి మాట వస్తే దానికి దగ్గరగా ఉన్న రెండు పేర్లూ చూపించి, ఏదో తేల్చుకోమని అడగాలి. చెప్పుకోడానికి తేలికే. చెయ్యబోతే ఒకటి సరిచేస్తే రెండు చెడేవి. సగం వాక్యాలు ఖాళీలతో వచ్చేవి. సర్వర్ చూసి, "ఇది వాక్యమా, ఖాళీలు పూరింపుమా?" అనేవాడు. బీటా పొద్దున కౌంటరు దగ్గర కూర్చుని ఎక్కడ తప్పుతోందో రాసుకునేవాడు, మధ్యాహ్నం గదికొచ్చి సరిచేసేవాడు.

డ్యూటీ అయ్యాక చిన్ని అప్పుడప్పుడూ ఆ గదికి వచ్చేది. రావడం రావడమే తప్పులు పట్టుకునేది.

"అక్షరాలు ఇంత చిన్నవా? చీమలకా ఈ యాప్?"

"పెద్దవి చేస్తాను."

"వెనకనుంచి ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే ఫోను వణకాలి. కుదురుతుందా?"

"కుదురుతుంది."

"మా అమ్మ వంటింట్లోంచి పిలిస్తే హాల్లో నాకు తెలియాలి. పాపం ప్రతిసారీ స్టవ్ తగ్గించి బయటికి రావాల్సి వస్తోంది."

"అదీ కుదురుతుంది."

"అన్నిటికీ కుదురుతుందంటారేంటి? కుదరనిదేమైనా ఉందా?"

"మీ చేత బాగుందనిపించుకోవడం. అదొక్కటీ కుదరట్లేదు."

చిన్ని ఎడమ కనుబొమ లేచింది, కానీ నవ్వు బయటికి రానివ్వలేదు. అతని మొహం వంక చూసి, "మీ మీసం పెదవి మీదకి వచ్చేస్తోందండీ. సగం మాటలు అందులోనే ఉండిపోతున్నాయి," అంది.

మర్నాడు బీటా మీసం కత్తిరించుకుని వచ్చాడు. సర్వర్ కుర్చీలోంచి లేచి మరీ చూశాడు.

"ఏంట్రా ఇది?"

"యూజర్ ఫీడ్‌బ్యాక్."

"ఆ యూజరు రేపు గుండు కొట్టించుకోమంటే?"

"గుండుకీ పెదాలకీ సంబంధం లేదు," అన్నాడు బీటా చాలా సీరియస్‌గా. విషయం సర్వర్‌కి అర్థమైపోయింది, బీటాకంటే ముందే.

*

ఒకరోజు ఫార్మసీ ఇన్‌చార్జి మేడమ్ బీటాని వరండాలో ఆపింది. చెడ్డ మనిషి కాదు, కానీ చేతుల మీదుగా వెళ్ళే ప్రతి మాత్రకీ తనే జవాబుదారీ అనుకునే మనిషి.

"ఎందుకు బాబూ ఇంత కష్టపడుతున్నావు? ఆ అమ్మాయిని కౌంటరు నుంచి తీసేసి లోపల స్టోరులో వేద్దామనుకుంటున్నాను. పిలిచినా పలకట్లేదని ఒకాయన కంప్లయింట్ రాశాడు. రేపు పొరపాటున ఏదైనా జరిగితే?"

చిన్ని ఈ సంగతి ఒక్కసారి కూడా బీటాతో అనలేదు. అతను అక్కడే నిలబడి మేడమ్‌ని బతిమాలాడు. చిన్ని ఎంత జాగ్రత్త మనిషో చెప్పాడు, వినికిడి లేకపోయినా ఎంత కష్టపడుతోందో చెప్పాడు, కాస్త జాలి చూపించమన్నాడు. మేడమ్ మెత్తబడి "చూద్దాంలే" అంది. పెద్ద పని చేశానన్న సంతోషంతో వెళ్ళాడు బీటా.

సాయంత్రం చిన్ని మేడ మీది గదికి వచ్చింది. కూర్చోలేదు.

"మేడమ్‌తో ఏం మాట్లాడారు?"

"మీ గురించి మంచిగానే..."

"నన్ను అడిగారా?"

"మీకు మేలు జరుగుతుందని..."

"చిన్నప్పటినుంచీ అందరూ నాకు మేలే చేస్తున్నారు," అంది. గొంతు పెరగలేదు. ఒక్కో మాటా విడివిడిగా పడుతోంది. "స్కూల్లో టీచరు ప్రశ్న అడిగితే మా అక్క లేచి చెప్పేది. షాపులో నేను నోరు తెరవకముందే అమ్మ చెప్పేసేది. నాకు వినపడదంతే. మాట్లాడటం వచ్చు. ఆ కౌంటరు దగ్గర మాత్రమే నా మాట నేను చెప్పుకుంటాను. మీరు అక్కడికి కూడా వచ్చి నా బదులు మాట్లాడారు. పైగా జాలి అడిగారు."

బీటా తల దించుకుని ఏదో గొణిగాడు.

"కనబడలేదు. తలెత్తి చెప్పండి."

"తప్పయింది."

"అయింది," అందామె. "ఇకనుంచి కౌంటరు దగ్గరికి రావద్దు."

మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

చిన్ని మర్నాడే ఇన్‌చార్జి మేడమ్ గదికి వెళ్ళింది.

"మేడమ్, నిన్న ఆయన చెప్పింది నా మాట కాదు. నా మాట ఇది. సోమవారం పొద్దున జనం ఎక్కువ. ఆ పూట నన్ను కౌంటరులో ఉండనివ్వండి. మీరు నా వెనకే కూర్చోండి. ఒక్క పొరపాటు కనబడినా నేనే స్టోరు తాళాలు తీసుకుంటాను. ఇంకోసారి అడగను."

మేడమ్ కళ్ళద్దాలు తీసి ఆమెను చూసింది. "జాలి వద్దంటావు."

"వద్దు మేడమ్. అవకాశం చాలు."

"సరే, సోమవారం."

ఆదివారం పొద్దున్నే మేడ మీది గది తలుపు తోసుకుని వచ్చిన చిన్నిని చూసి బీటా కుర్చీలోంచి దాదాపు పడిపోయాడు.

"కోపం తగ్గిందా?"

"లేదు. పని ఉంది." సంచిలోంచి నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టింది, చాలాసేపు ఉండేదానిలాగే. "ఆలోచించాను. ఇన్నాళ్ళూ మనం స్క్రీన్‌ని నా వైపే పెట్టాం. అది తప్పు రాసినా, అవతలి మనిషి ఏమన్నాడో నాకెలా తెలుస్తుంది? తెలిసేది ఆ అన్న మనిషికే కదా. స్క్రీన్ వాళ్ళకీ కనబడాలి. వాళ్ళ మాట వాళ్ళే చూసుకుంటారు. తప్పుంటే వాళ్ళే దిద్దుతారు."

బీటా ఆమెను కన్నార్పకుండా చూశాడు. ఇన్ని వారాలూ అతను యంత్రానికి ఎక్కువ వినపడేలా చేయాలని తంటాలు పడ్డాడు. మాట్లాడే మనిషి ఎదురుగానే నిలబడి ఉన్నాడన్న సంగతి తోచనేలేదు.

"రెండు స్క్రీన్లు," అన్నాడు మెల్లగా. "ఒకే మాట, రెండు వైపులా."

"నా వైపునుంచి నా మాటలు కూడా అందులో పడాలి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో నేను చెప్పేది వాళ్ళూ చదువుకుంటారు."

"బాగుంది."

"నేను అనాల్సిన మాట మీరంటున్నారు," అంది చిన్ని. కోపం ఇంకా ఉంది కానీ, దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది.

ఆ రోజంతా గదిలో కీబోర్డు చప్పుడే. సర్వర్ ఎక్కడినుంచో ఒక పాత ట్యాబ్ తెచ్చాడు. ఆశ్చర్యంగా ఆ రోజు ఒక్కసారి కూడా డౌన్ అవలేదు. మాస్కు పెట్టుకుని, ఫ్యాను పెంచి, రేడియో పెట్టి, ముసలి గొంతుతో, జలుబు గొంతుతో మందులు అడిగాడు. చిన్ని తప్పులు పట్టింది. బీటా దిద్దాడు. సాయంత్రం వెలుగు కిటికీలోంచి బల్ల మీద పడేసరికి, పట్టడానికి ఆమెకు తప్పు దొరకలేదు.

"రేపు నేను రానా?" అన్నాడు, తలెత్తి, ఆమెకు కనబడేలా.

"కౌంటరు దగ్గరికి వద్దు. క్యాంటీన్‌లో ఉండండి." ఒక అడుగు వేసి ఆగింది. "ఉండండి కానీ."

*

సోమవారం జనం గుమ్మం దాటి వరండాలోకి వచ్చేశారు. ఇన్‌చార్జి మేడమ్ చిన్ని వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. అద్దానికి అటువైపు ట్యాబ్, ఇటువైపు ఫోను.

మొదట వచ్చినావిడ తన మాటలు అక్షరాలై పడుతుంటే విచిత్రంగా చూసింది. "నేనన్నవేనా ఇవి?"

"మీరన్నవేనండీ. తప్పుంటే చెప్పండి."

"తప్పేం లేదు. ఆ బూడిద రంగులో ఉన్న మాట దగ్గు కాదు, దద్దు. చేతి మీద."

"ఒకసారి చెయ్యి చూపించండి," అంది చిన్ని.

అలా మొదలైంది. మనుషులు తమ మాట తామే చదువుకోవడం మొదలుపెట్టాక తొందర తగ్గించారు. ఒకరి మీద ఒకరు పడి అరవడం తగ్గింది, ఎందుకంటే అందరూ ఒకేసారి అరిస్తే తెర ఖాళీగా ఉండిపోతోంది. ఒకాయన మందు పేరు చెబితే యాప్ రెండు పేర్లు చూపించింది. ఆయనే వేలు పెట్టి, "రెండోది తల్లీ," అన్నాడు. చిన్ని చీటీతో సరిచూసి ఇచ్చింది. వెనకనుంచి మేడమ్ మెడ చాచి చూసింది.

మధ్యాహ్నం కావస్తుండగా ఒక తాతని కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయనకీ వినపడదు.

"రాత్రి నిద్ర పడుతోందా తాతగారూ?" అని చిన్ని అడిగింది.

"ఆ, పడుతోందండీ," అంది కూతురు.

తాత ట్యాబ్ మీద ఆ రెండు మాటలూ చదివాడు. కూతురి వైపు తిరిగాడు. "నువ్వుండవే. నన్నడిగింది." మళ్ళీ చిన్ని వైపు తిరిగి, "పడట్లేదమ్మా. ఆ తెల్ల మాత్ర వేసుకున్నప్పటినుంచీ అసలు పడట్లేదు. వీళ్ళెవరికీ చెప్పలేదు. అరిచి అడుగుతారు, అరిచి చెప్పాలంటే నాకు ఓపిక లేదు," అన్నాడు.

కూతురు తెల్లబోయింది. "నాకెప్పుడూ చెప్పలేదేంటి నాన్నా?"

"నువ్వు అడిగి, నువ్వే చెప్పుకుంటావు కదమ్మా."

చిన్ని ఆ మాత్ర పక్కన గుర్తు పెట్టి, డాక్టరుకి ఫోను చేయించమని మేడమ్‌కి చీటీ అందించింది. మేడమ్ లేచి స్వయంగా వెళ్ళి మాట్లాడి వచ్చింది. మాత్ర మార్చారు. తాత వెళ్తూ వెళ్తూ చిన్నికి దణ్ణం పెట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

కౌంటరు మూసే వేళకి మేడమ్ కుర్చీ వెనక్కి జరిపింది. చిన్నికి ఎదురుగా వచ్చి నిలబడి, మాస్కు దించి, స్పష్టంగా చెప్పింది.

"స్టోరు సంగతి మర్చిపో. ఒకటో కౌంటరుకీ రెండో కౌంటరుకీ కూడా ఇది పెట్టించమను, ఆ క్యాంటీన్‌లో కూర్చున్న అబ్బాయిని. పొద్దుటినుంచీ ఆ కుర్చీకి అంటుకుపోయాడు."

*

చిన్ని బయటికి వచ్చేసరికి వాన మొదలైంది. బీటా క్యాంటీన్‌లోంచి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ స్కూటర్ స్టాండు రేకుల కింద నిలబడ్డారు. చిన్ని చెవి వెనక మిషను తీసి చిన్న డబ్బాలో పెట్టి మూతపెట్టింది.

"తడిస్తే పాడైపోతుంది. ఇప్పుడు నాకేమీ వినపడదు," అంది. తర్వాత, అతని మొహంలోని ఆత్రుత చూసి, "ఉంటున్నాను, కౌంటరులోనే," అంది.

బీటా మొహం వెలిగిపోయింది. జేబులోంచి ఫోను తీశాడు, ఏదో చెప్పబోయాడు. రేకుల మీద వాన చప్పుడికి యాప్‌కి ఏమీ వినపడలేదు. తెర తెల్లగా ఉండిపోయింది. ఫోను మళ్ళీ జేబులో పెట్టేశాడు. వాన వైపు తిరిగి, చూరునుంచి జారుతున్న ధారని చూస్తూ, చాలాసేపు ఏదో చెప్పాడు.

చిన్ని అతని భుజం తట్టింది.

"వానతో మాట్లాడుతున్నారా, నాతోనా?"

బీటా ఇటు తిరిగాడు. చెంప మీద ఒక చుక్క జారుతోంది. తుడుచుకోలేదు. చెయ్యి నోటికి అడ్డు వస్తుందని.

"నాకు మీరంటే ఇష్టం," అన్నాడు.

ఆమె అతని పెదాలనే చూస్తోంది. "మళ్ళీ చెప్పండి."

"అర్థం కాలేదా?"

"అయింది. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాడు. ఈసారి ఆమె ఎడమ కనుబొమ పైకి లేచింది, నవ్వు కూడా ఆగలేదు. కానీ వెంటనే ఆపుకుని, వేలు చూపించింది.

"నా బదులు మాట్లాడరు కదా?"

"మాట్లాడను."

"నేను మాట్లాడుతుంటే మధ్యలో?"

"దూరను."

"పోట్లాట వస్తే?"

"ఎదురుగా నిలబడి, వెలుతుర్లో పోట్లాడతాను."

"అయితే 'మీరు' అనడం మానెయ్."

"ఏమనాలి మరి?"

"'నువ్వు' అను." అని ఊరుకుని, అడక్కుండానే ఇంకో మాట కలిపింది. "నాకూ ఇష్టమే. మీసం కత్తిరించుకొచ్చిన రోజునుంచీ. అందుకే అంత కోపం వచ్చింది. వేరే ఎవరైనా అయితే తిట్టి వదిలేసేదాన్ని."

వాన తగ్గాలని ఇద్దరిలో ఎవరికీ తొందర లేదు.

*

కొన్నాళ్ళకి చిన్ని అతన్ని ఇంటికి భోజనానికి పిలిచింది. అమ్మ, ఊరినుంచి వచ్చిన అక్క. అమ్మ మర్యాదకి లోటు చెయ్యలేదు. కాని ఎదుట కూర్చున్నంతసేపూ తక్కువ మాట్లాడింది. తర్వాత అక్కని తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

వంటింటి అలమరలో ఒక పాత ఫోను ఉంది. అమ్మ పిలుపు హాల్లోకి అందడానికి బీటా పెట్టించింది. అది అక్కడుందన్న సంగతి అమ్మ మర్చిపోయింది. హాల్లో చిన్ని చేతిలోని ఫోను మీద వరుసగా మాటలు పడసాగాయి.

'అబ్బాయి మంచివాడిలాగే ఉన్నాడే.'

'మరింకేంటమ్మా నీ బాధ?'

'ఇప్పుడు బాగానే ఉంటుంది. కొన్నేళ్ళు పోయాక, పిలిస్తే పలకదని విసుక్కుంటే? దాన్ని ఎవరైనా విసుక్కుంటే నేను చూడలేనే.'

పక్కనే కూర్చున్న బీటా కూడా చదివాడు. చటుక్కున లేచాడు, వెళ్ళి ఆవిడకి మాటివ్వాలని. చిన్ని వైపు చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు.

చిన్ని లేచి వంటింట్లోకి వెళ్ళి ఫోను అమ్మ ముందు పెట్టింది. అమ్మ చదివి గతుక్కుమంది.

"చాటుగా విన్నావటే?"

"విన్నానమ్మా. చిన్నప్పుడు అక్క తలుపు చాటునుంచి అన్నీ వినేది. నాకెప్పుడూ కుదర్లేదు. ఇవాళ కుదిరింది. చాలా బాగుంది."

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. అమ్మ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

"నా భయం నాది, తల్లీ."

"అతను విసుక్కుంటాడమ్మా. నేనూ విసుక్కుంటాను. నువ్వు నన్ను విసుక్కోలేదా? విసుక్కుని మళ్ళీ నువ్వే వచ్చి పక్కన కూర్చోలేదా? విసుక్కోని మనిషి నాకొద్దు. విసుగొచ్చినా ఎదురుగా వచ్చి చెప్పే మనిషి కావాలి. ఇతను చెప్తాడు. చూసుకునే ఒప్పుకున్నాను."

"అన్నీ నువ్వే తేల్చేసుకున్నావు. ఇంక నేనెందుకు?"

"నువ్వు లేకుండా ఎలా? నీ మాట కూడా కావాలి. కానీ ఇక్కడ కాదు, అక్కడికొచ్చి చెప్పు. నా ముందు."

అమ్మ చాలాసేపు కూతురి మొహం చూసింది. తర్వాత గిన్నెలు అందుకుంది.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. అక్క బీటాని ఉద్యోగం గురించి అడిగింది. బీటా జవాబు మొదలుపెట్టేలోగా అమ్మ పెరుగు గురించి ఏదో అంది. అక్క మధ్యలో ఇంకో ప్రశ్న వేసింది. ముగ్గురి మాటలూ కలిసిపోయాయి. చిన్ని చెంచాతో కంచం అంచు మీద కొట్టింది.

"ఒక్కొక్కరు."

అందరూ ఆగిపోయారు. కాసేపు ఎవరు ముందు మాట్లాడాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు అమ్మ, క్లాసులో పిల్లలా, చెయ్యెత్తింది. అక్క నోరు తెరిచి చూసింది. ఆ ఇంట్లో అమ్మ వంతు కోసం ఆగడం ఎవరూ ఎరగరు.

"చెప్పమ్మా," అంది చిన్ని.

అమ్మ చెయ్యి దించింది. కూతురి వైపు పూర్తిగా తిరిగి, పెదాలు స్పష్టంగా కదిలేలా, తొందర లేకుండా చెప్పింది.

"అల్లుడుగారి కంచంలో కూర అయిపోయింది. వెయ్యవే."

అన్నం కలుపుతున్న బీటా చెయ్యి అలాగే ఆగిపోయింది. చిన్ని గరిటె అందుకుంది. వడ్డించింది, అతను చాలంటున్నా వినకుండా.